హెచ్చరిక బొమ్మకు ఏడాది ఆలస్యం

సంపాదకులకు,

సిగరెట్, బీడీ ప్యాకెట్లపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని కేంద్రం 2014 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వు 2015 ఏప్రిల్ 1న అమలు కావలసి ఉండగా, పార్లమెంటు సంఘం ఒకటి అభ్యంతరం చెప్పడంతో ఆగిపోయి, 2016 ఏప్రిల్‌లో గాని అమల్లోకి రాలేదు. ఆ సంఘంలో అప్పట్లో బీడీ వ్యాపారి అయిన ఎంపీ కూడా ఉండేవారు! పొగాకు కంపెనీలు కొన్నే, ఇలాంటి ఉత్తర్వుతో వాటికి వచ్చే నష్టమేమో పెద్దది. అందుకే అవి ఒక్కటై ఢిల్లీలో తలుపులు తట్టగలవు. ఊరికొకరు, వీధికొకరుగా చెదిరి ఉన్న పొగాకు బాధిత రోగులు కలిసి విన్నపం ఇచ్చేదెన్నడు? పైగా మా నిజామాబాద్‌లో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల ఉపాధినే పరిశ్రమ అడ్డుపెట్టుకుంటుంది. వారి కూలి పెంచాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ గొంతు ఇంత గట్టిగా వినిపించదు. పార్లమెంటు సంఘాల సభ్యులు ఏ పరిశ్రమ ప్రతినిధులను ఎప్పుడు కలిశారో ప్రకటించాలని, సొంత వ్యాపారానికి సంబంధించిన అంశంపై చర్చకు దూరంగా ఉండాలని నా మనవి.

– ఒక పాఠకుడు, నిజామాబాద్