నీడ చెట్లు ఏవి వేయాలో మా ఊళ్లని అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వానలు మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్ జిల్లా పేజీలో మొక్కలు నాటుతున్న ఫొటోలు వస్తున్నాయి. సంతోషమే. ఎన్ని వేల మొక్కలు, ఎన్ని ఎకరాలు అని రాస్తున్నారు గానీ ఏం మొక్కలో మాత్రం ఎవరూ రాయడం లేదు. నేను పాడేరు వైపు కొండ మీద పుట్టి పెరిగిన ఆదివాసీని, ఏజెన్సీ బడిలోనే పాఠాలు చెబుతున్నాను. మా కొండల మీద ఏ చెట్టు పోతోందో, దాని బదులు ఏది వస్తోందో నాకు తెలిసినంత రాస్తాను. ఉత్తరం పొడవైతే మీకు వీలైనట్టు తగ్గించుకోండి, చెట్ల పేర్లు మాత్రం తీసేయొద్దు.

మా ఊళ్లోకి లారీలో వచ్చే మొక్కల్లో ఎక్కువ సిల్వర్ ఓక్. అది ఆస్ట్రేలియా చెట్టు. కాఫీకి నీడ కావాలి, ఇది తొందరగా ఎదుగుతుంది, నిలువుగా పోతుంది, దాని మీదికి మిరియం పాదు ఎక్కించొచ్చు, ముదిరాక కలప అమ్ముకోవచ్చు. ఇదంతా నిజమే, కాదనను. కాఫీ మీద కూడా నాకు కోపం లేదు, మా నాన్న కాఫీ, మిరియాలు అమ్మే నన్ను చదివించాడు. 2019లో అరకు కాఫీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ గర్వపడింది మేమే. మన్యంలో కాఫీ తోటలు ఇప్పుడు రెండు లక్షల ఎకరాలు దాటాయి. అన్ని ఎకరాల మీద నీడంతా ఒకే చెట్టుదైపోతే మా గతేమిటన్నదే నా భయం.

మా ఇంటి సంగతే చెప్తాను. పదేళ్ల కిందట మా పై మెట్ట మీద ముదురు మామిళ్లు, పనస, నేరేడు, కరక్కాయ, రెండు ఇప్పచెట్లు ఉండేవి. వాటి కిందే కాఫీ ఉండేది. నీడ ఎక్కువైపోయింది, అవి తీసేసి ఓక్ వేస్తే కాపు పెరుగుతుందని ఒకాయన వచ్చి చెప్పాడు. మా నాన్న నమ్మాడు, నేనూ అడ్డం చెప్పలేదు. నరికించాం. మిరియాల డబ్బు పెరిగిన మాట నిజం. కానీ అంతకుముందు ఆ మెట్ట నుంచి ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఇంటికి వచ్చేది. పచ్చి పనసకాయలు పెళ్లిళ్ల రోజుల్లో మైదానం షావుకార్లు మోయించుకుపోయేవాళ్లు, పనస పిక్కలు మేం కాల్చుకు తినేవాళ్లం, కరక్కాయ సంతకు పోయేది, ఇప్ప పిక్కల నూనె ఇంట్లో వాడకానికి సరిపోయేది. ఇప్పుడు కాఫీ రేటు పడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. 2025లో అరకు వైపు తోటల్లో కాయతొలుచు పురుగు కనపడి, పచ్చికాయ కోసి నాశనం చేయాల్సి వచ్చినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి మాట, "మన పనసచెట్టు ఉండుంటే?" అని. నా దగ్గర సమాధానం లేదు.

అడ్డాకు గురించి మైదానం వాళ్లకు కూడా తెలుసు. మీ వైపు భోజనాల్లో, టిఫిన్ బండ్ల దగ్గర వేసే ఆకు విస్తళ్లలో ఎన్నో మా ఆడవాళ్ల చేతుల మీదుగా వచ్చినవే. అది తీగ. పెద్ద చెట్టు దొరికితే దాన్ని చుట్టుకుని కొమ్మల పైదాకా పోతుంది, ఆకు ఆవు గిట్ట ఆకారంలో మధ్యకి చీలి ఉంటుంది. మా అమ్మమ్మ పొద్దున్నే కొండెక్కి మోపు దించి, సాయంత్రం వాకిట్లో కూచుని వెదురు పుల్లలతో కుట్టేది. నార తీసి తాడు పేనేవాళ్లు, ముదిరిన కాయ కాల్చి పిక్కలు తినేవాళ్లం. కాఫీ తోటలు చేసేటప్పుడు మొదట నరికేది ఈ తీగనే. పెద్ద చెట్టు లేకపోతే అడ్డతీగ దేన్ని పట్టుకుని ఎక్కుతుంది చెప్పండి? అడ్డాకు కోసం మా పిన్నులు ఇప్పుడు రెండు కొండలు దాటి వెళ్తున్నారు.

మా "కొత్త" పండుగలు చాలామందికి తెలియవు. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, కంది కొత్త, సామ కొత్త, ఇలా ప్రతి పంటకీ ఒకటి. ముహూర్తం చూసే దిసారి రోజు చెప్పి, ఊరి దేవతకు పెట్టేదాకా ఆ కాయ ఎవరూ ముట్టకూడదు. చిన్నప్పుడు నోరూరించే మామిడికాయ కళ్లముందే వేలాడుతుంటే కోయనివ్వలేదని ఏడ్చాను కూడా. పెద్దయ్యాక అర్థమైంది, పండుగ దాకా ఆగితే కాయ ముదురుతుంది, టెంక మొలకెత్తేటంత గట్టిపడుతుంది, పిట్టలకూ ఉడతలకూ వాటి వంతు దొరుకుతుంది. అడవి శాఖ బోర్డు ఒక్కటి కూడా లేకుండా నడిచిన కట్టుబాటు ఇది. ఇప్పుడు మామిడి కొత్తకి దేవత దగ్గర పెట్టడానికి కాయలు పక్క ఊరి నుంచి తెచ్చుకుంటున్న ఊళ్లున్నాయి.

జీలుగు చెట్టు సంగతి ఇంకా ముఖ్యం. కల్లు చెట్టు కదా అని తీసిపారేస్తారు, నాకు బాధేస్తుంది. 1879లో రంప తిరుగుబాటు వచ్చిందే కల్లు మీద. ఇంటి వాడకానికి గీసుకునే కల్లుకు కూడా అడ్డం పడి, గీత హక్కులు గుత్తేదార్ల చేతికి పోయి, చిగురుపన్ను అనే కల్లు పన్ను మోపితేనే కొండ తిరగబడింది. ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం, నలభై ఏళ్లకు అల్లూరి పోరాటం, అవి అందరూ చదువుకున్నవే. జీలుగు మొక్క పూతకి రావడానికే పదేళ్ల పైన పడుతుంది. గెలలు వేయడం మొదలెట్టాక పై నుంచి కిందికి ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చి, ఆఖరి గెల అయ్యాక చెట్టే చచ్చిపోతుంది. అంటే ఊళ్లో పిల్ల చెట్లు ఎప్పుడూ లేచి వస్తూ ఉండాలి, లేకపోతే ఒక తరం అయ్యేసరికి ఖాళీ. కరువు రోజుల్లో దాని దవ్వ దంచి పిండి చేసుకుని బతికారు మా ముత్తాతలు. మా మండలంలో నర్సరీలన్నీ తిరిగాను, జీలుగు మొక్క ఒక్కటీ కనపడలేదు.

నరమామిడిది వేరే కథ. దాని చెక్క, అంటే బెరడు, అగరుబత్తుల తయారీకి పోతుంది. మా తాత చెట్టుకి ఒక పక్కే చెక్క తీసి, అది పూడుకునేదాకా రెండేళ్లు దాని జోలికి వెళ్లేవాడు కాదు. సంతలో రేటు పెరిగి, ఎంత తెచ్చినా కొంటామని దళారులు అనేసరికి చెట్టు చుట్టూ ఒలిచేశారు. అలా ఒలిస్తే చెట్టు నిలబడే చస్తుంది. ఒలిచింది మా వాళ్లే, నేను దాచను. కానీ మొక్కల పంపిణీలో నరమామిడి ఏనాడైనా ఇచ్చారా?

మా చెట్లన్నీ ఇక్కడే పుట్టినవని నేను వాదించడం లేదు. కాఫీ ఎలాగూ బయటిదే, చింత కూడా ఏనాడో ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. కానీ చింత వచ్చి మాతో ఎన్నో తరాలు బతికింది, దాని కాపు, దాని రోగం, దాని నీడ మాకు తెలుసు. తెలియని చెట్టు ఒక్కదాన్నే కొండంతా పరచడం వేరు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఏ ఊరికి ఏ మొక్కలు కావాలో ఆ ఊరి గ్రామసభ చెప్పాలి, నర్సరీలు ఆ జాబితా ప్రకారం పెంచాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు. ఏజెన్సీ ఊళ్ల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పీసా చట్టం మా వనరుల మీద గ్రామసభ మాటకు విలువ ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మాదన్నది, అడవిని కాపాడుకుని మళ్లీ పెంచుకునే హక్కు, మొక్కల గురించి మాకున్న తెలివి మీద హక్కు కూడా అందులోనే ఉన్నాయి. ఓక్ కూడా ఉండనివ్వండి, మిరియానికి పనికొస్తుంది. దాని మధ్య పనస, నేరేడు, ఉసిరి, కరక్కాయ, ఇప్ప, జీలుగు కలిపి ఇవ్వండి. మొక్కల కాంట్రాక్టు మైదానం వాళ్లకి ఇచ్చే బదులు విత్తనాలు మా ఆడవాళ్ల దగ్గర కొనండి. ఏ చెట్టు కింద ఏ నెలలో పిక్క రాలుతుందో వాళ్లకే తెలుసు. ఇప్ప పిక్కనే తీసుకోండి, రాలిన కొద్ది రోజుల్లోనే మట్టిలో పడాలి, గోనెలో కట్టి ఆఫీసులో నెలల తరబడి ఉంచితే మొలవదు. టెండరు పిలిచి, బిల్లు పాసయ్యేసరికి అదును దాటిపోతుంది.

కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో ఈ చెట్లకు వేరే పేర్లున్నాయి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మా బడిలో ఈ ఏడాది ప్రతి పిల్లా పిల్లాడూ ఇంట్లో అవ్వనో తాతనో అడిగి పది చెట్ల పేర్లు, వాటి వాడకం రాసుకురమ్మన్నాను. ఒక నాలుగో తరగతి పాప పందొమ్మిది రాసుకొచ్చింది, అందులో ఆరు నాకే తెలియవు.

మా నాన్న ఈసారి పక్క ఊరి ఇప్పచెట్టు కింద పిక్కలు ఏరుకొచ్చి, అదే వారం నూట ఇరవై సంచుల్లో పెట్టాడు. సగానికి పైగా మొలిచాయి. ఓక్ వరసల మధ్య ఎక్కడ నాటాలో అమ్మా ఆయనా ఇంకా వాదించుకుంటున్నారు. ఈ ఉత్తరం ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) ఎవరైనా చదివితే, వచ్చే ఏడాది నర్సరీ లిస్టు రాసే ముందు మా గ్రామసభకి ఒక్కసారి రమ్మని నా విన్నపం.

— ఒక ఆదివాసీ ఉపాధ్యాయుడు,
పాడేరు ఏజెన్సీ, అల్లూరి సీతారామరాజు జిల్లా