నైరోబీ నుంచి లాగోస్‌కు మూడు గంటలు కాదు, ఐదు

సంపాదకుల వారికి,

ఆఫ్రికాలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన ప్రయాణ వివరాల్లో, కెన్యా రాజధాని నైరోబీలో ఉదయం 7 గంటలకు బయలుదేరే విమానం 10 గంటలకు నైజీరియాలోని లాగోస్ చేరుతుందని చెప్పి, ప్రయాణ సమయం మూడు గంటలని రాశారు. అది పొరపాటు. ఆ రెండు నగరాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 3,800 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది దాదాపు ఐదు గంటలు. నైరోబీ గడియారం లాగోస్ గడియారం కంటే రెండు గంటలు ముందుంటుంది. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరి లెక్కలోనే వేస్తారు కాబట్టి, ఒకదానిలోంచి మరొకటి తీసేస్తే వెళ్లేటప్పుడు రెండు గంటలు తగ్గిపోతాయి, తిరుగు ప్రయాణంలో అవే ఐదు గంటలు ఏడుగా కనిపిస్తాయి.

నిరుడు మేమూ సరిగ్గా ఇలాగే లెక్క వేసుకున్నాం. నా భార్యకు షుగర్ ఉంది. ముంబయి నుంచి ఆరు గంటలు ప్రయాణించి నైరోబీలో దిగాక ఆమె మాత్ర వేసుకుని, ఇంకో మూడు గంటల్లో అమ్మాయి ఇంట్లోనే అన్నం తినవచ్చన్న ధీమాతో లాగోస్ విమానంలో పెట్టిన భోజనం ట్రే ముట్టకుండా తిప్పి పంపేసింది. నాలుగో గంటలో ఆమెకు చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. విమాన సిబ్బందిలో ఒకమ్మాయి పరుగున తెచ్చి ఇచ్చిన నారింజ రసం తాగితే గాని తేరుకోలేదు. ఎదురుగా తెర మీద విమానం బొమ్మ అప్పటికింకా కామెరూన్ మీదే ఉంది.

అంత దూరం ఉంటుందని ముందే ఎందుకు తట్టలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆఫ్రికా ఖండం వైశాల్యంలో మన దేశానికి తొమ్మిది రెట్లకు పైనే ఉంటుంది గాని, గోడకు వేలాడే ప్రపంచ పటంలో అంత పెద్దదిగా కనబడదు. ముంబయి నుంచి సముద్రం దాటి నైరోబీ చేరడానికి సుమారు 4,500 కిలోమీటర్లు. అక్కడి నుంచి విక్టోరియా సరస్సు, ఉగాండా, కాంగో అడవుల మీదుగా లాగోస్ చేరడానికి దాదాపు అంతే దూరం మిగిలి ఉంటుంది, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న ఆకాశమార్గానికి మూడింతలు. నేల మీద వెళదామన్నా లాగోస్ నుంచి నైరోబీ మీదుగా కెన్యా రేవు పట్టణం మొంబాసా దాకా వెళ్లే రహదారి 6,000 కిలోమీటర్లు దాటుతుంది, పైగా అది కాంగో భాగంలో ఇప్పటికీ పూర్తి కాలేదు.

నేరు విమానం దొరకని రోజున చాలామంది ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా మీదుగా వెళతారు. అప్పుడు ఆకాశమార్గమే 5,000 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో విమానాశ్రయంలో వేచి ఉండే సమయం దీనికి అదనం.

అందుచేత ఇటువంటి వివరాలు వేసినప్పుడు బయలుదేరే, చేరే వేళలతో పాటు విమానం గాలిలో ఉండే గంటలను, రెండు ఊళ్ల గడియారాల మధ్య తేడాను కూడా విడిగా ప్రచురించాలని కోరుతున్నాను. మందులు వేళకు వేసుకోవలసిన పెద్దవాళ్లు ఆ అంకెలను చూసుకునే తిండి, మాత్రలు సర్దుకుంటారు. వేసవి ప్రయాణాలకు టికెట్లు కొనే రోజులివి కనుక, ఈ సవరణను వచ్చే ఆదివారమే వేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు