పది రోజుల ఆడిషన్ బ్యాచ్ ఎందుకు తీసేశానంటే

మన పాటల క్లాసుకి పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకూ, స్కూల్ క్వయర్ ఆడిషన్ కోసం ఈసారి చేరాలనుకుంటున్నవాళ్లకూ ఒక విషయం సూటిగా చెప్పాలి. పది రోజుల ఆడిషన్ స్పెషల్ బ్యాచ్ ఇక ఉండదు. దాని బదులు ఆరు వారాల బ్యాచ్ మొదలుపెడుతున్నాను. పాతదానికి డబ్బు కట్టినవాళ్లు ఇందులోకి మారవచ్చు. వద్దనుకుంటే కట్టింది మొత్తం తిరిగి ఇచ్చేస్తాను.

కారణం పోయినసారి జరిగిన సంగతి. ఆ పది రోజులూ పిల్లల చేత రోజుకి గంటన్నర పాడించాను. పై స్థాయిలో గట్టిగా పాడగలిగితేనే సెలెక్ట్ అవుతారని అప్పట్లో నాకు గట్టి నమ్మకం ఉండేది. ఎనిమిదో రోజుకి ఒక అమ్మాయి గొంతు బొంగురుపోయింది. "వేడినీళ్లు తాగమ్మా, సర్దుకుంటుంది" అని చెప్పి ఆ రోజు కూడా పాడించాను. ఆడిషన్ రోజు ఆ పిల్ల నోరు తెరిస్తే మొదటి లైన్లో సగం గాలే వచ్చింది. ఇంట్లో నెలల తరబడి హాయిగా పాడుకున్న పాట అది. వాళ్లమ్మగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తప్పు మాత్రం నాదే.

గొంతులో ఏం జరుగుతుందో ఆ పది రోజుల ముందే పిల్లలకి చెప్పి ఉండాల్సింది. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. పాశ్చాత్య సంగీతంలో శృతి చూసుకునే 440 హెర్ట్జ్ స్వరం పాడితే అవి సెకనుకి 440 సార్లు కలిసి విడిపోతాయి. అదే స్వరం మీద మొత్తం ఒక నిమిషం పాడితే 26,400 సార్లు. గంటన్నర అరిపిస్తే వాచిపోక ఏమవుతాయి? వాచినవి సరిగా మూసుకోవు, ఆ సందులోంచి గాలి పోతుంది. ఆ రోజు మనం విన్నది ఆ గాలే. ఇక నేను చెప్పిన వేడినీళ్లు ఆ తంత్రులకి తగలనే తగలవు, ఆహారనాళంలోకి పోతాయి. తాగిన నీరు ఒంటికి పట్టి, అక్కడిదాకా తేమ చేరాలంటే సమయం పడుతుంది. అందుకే ఆడిషన్ గది బయట నిలబడి సీసా ఖాళీ చేసే బదులు రోజంతా కొంచెం కొంచెంగా తాగడం మేలు.

కొత్త బ్యాచ్‌లో పాడే సాధన రోజుకి ఇరవై నిమిషాలే, అదీ మధ్యలో విరామంతో రెండు విడతలుగా. మొదట పెదాలు వదులుగా పెట్టి బుర్రుమనిపిస్తూ కింది స్వరం నుంచి పైకి, పై నుంచి కిందికి జారడం. లేదా సన్నని స్ట్రా నోట్లో పెట్టుకుని దానిలోంచి హమ్ చేయడం. నోటి దగ్గర దారి సన్నబడితే లోపల గాలి కొద్దిగా వెనక్కి తోస్తుంది, తంత్రులు బలంగా కొట్టుకోకుండా కదులుతాయి. చూడ్డానికి ఆటలా ఉంటుంది కానీ గొంతు వేడెక్కించడానికి ఇంతకంటే సురక్షితమైన పద్ధతి నాకు తెలియదు. ఊపిరి తీసుకునేటప్పుడు భుజాలు లేవకూడదు, పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి. చేతులు నడుముకి కాస్త పైన పెట్టుకుంటే పిల్లలకే తెలిసిపోతుంది.

మిగతా సమయమంతా చెవికే. క్వయర్‌లో ముప్పై మంది కలిసి పాడుతుంటే ఒక్క గొంతు పైకి పొడుచుకొస్తే టీచర్‌కి అది తలనొప్పి. అందుకే చాలా ఆడిషన్లలో పియానో మీద ఒక స్వరం, లేదా మూడు నాలుగు స్వరాల చిన్న ముక్క వినిపించి తిరిగి పాడమంటారు. మొన్న ఒక అబ్బాయితో ఇదే చేశాను. స్వరం వినీ వినకముందే అందుకుంటున్నాడు, ప్రతిసారీ కింద మొదలై పైకి పాకుతున్నాడు. "వెంటనే పాడొద్దు నాన్నా, ముందు లోపల పాడుకో" అన్నాను. కళ్లు మూసుకున్నాడు, పెదాలు చిన్నగా కదిలాయి, రెండు క్షణాలు ఆగాడు. తర్వాత వచ్చిన స్వరం సూటిగా వెళ్లి పియానో స్వరంలో కలిసిపోయింది. వాడు కళ్లు తెరిచి పియానో వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ రెండు క్షణాల ఆగడం కోసమే ఈ బ్యాచ్ పెడుతున్నానన్నా తప్పులేదు.

మగపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య చాలామందికి గొంతు మారుతుంది, దాదాపు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింది స దాకా, కిందికి దిగుతుంది. మధ్యలో పగిలిపోవడం జబ్బూ కాదు, సాధన లోపమూ కాదు. పాత శృతిలోనే పాడమని పట్టుబట్టకండి. పాట కిందికి దించుకుని, గొంతు మారుతోందని టీచర్‌కి ముందే చెప్పేయమనండి. ఏ పిల్లలైనా సరే, ఆడిషన్ పాటలో పై స్వరం వాళ్లు అందుకోగల చివరి స్వరం కాకూడదు. దానికి రెండు మెట్లు కిందే ఉండాలి. టెన్షన్‌లో ముందు జారిపోయేది ఆ చివరి స్వరమే.

ఆఖరి వారంలో సాధన సగానికి తగ్గిస్తాం. ఆటల్లో అరుపులు వద్దు, మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు. గుసగుసలు గొంతుకి విశ్రాంతి అనుకుంటారు, కాదు, వాటితోనూ అలసిపోతుంది. జలుబూ జ్వరమూ ఉంటే క్లాసుకి పంపకండి, ఆ క్లాసు తర్వాత చెప్తాను. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, చిట్కాలు నన్ను అడగొద్దు.

"సెలెక్షన్ ఖాయం" అని క్లాసు బయట పెట్టిన బోర్డు తీసేశాను. ఆరు వారాల్లో గొంతు పరిధి పెద్దగా పెరగదు. శృతి నిలకడ, ఊపిరి, తడబడకుండా మొదలుపెట్టడం, ఇవి మాత్రం బాగుపడతాయి. ఆ మేరకే మాట ఇవ్వగలను.

చేరే పిల్లలు మొదటి రోజు ఫోన్‌లో ఒక నిమిషం పాట రికార్డ్ చేసి తీసుకురావాలి. మళ్లీ మళ్లీ పాడి బాగున్నది ఎంచుకోవద్దు, మొదటిసారి పాడిందే కావాలి. విన్నాక "ఇది నా గొంతేనా" అని చిన్నబోతారు. మన గొంతు మనకి ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది కాబట్టి లోపల నిండుగా ఉంటుంది, రికార్డింగ్‌లో పలచగా అనిపిస్తుంది. ఆ మాట ఇంట్లోనే వాళ్లకి చెప్పి పంపండి.