ముద్ర గీతకు చెరువు కట్ట వాలు

హనుమకొండ,
ఆదివారం ఉదయం

ప్రియ మిత్రమా,

నీ కవరు శుక్రవారం అందింది. విప్పగానే ఉత్తరం కంటే ముందు చెరిపే రబ్బరు ముక్క జారి బల్ల మీద పడింది. "మన పుస్తకం" అని నువ్వు చెక్కిన ముద్ర. మీ ముందుగదిలో వీధి పిల్లల కోసం పెట్టిన పుస్తకాల అలమారకు ఇంతకంటే మంచి మాట దొరకదు. అచ్చు వేసి చూశాను. "మన" బాగానే పడింది. "పుస్తకం" దగ్గరికి వచ్చేసరికి తకారం ఒత్తు అలికిపోయింది, సున్నా నల్లటి చుక్కగా మారింది, ఒక తలకట్టు సగం విరిగి ఉంది. నువ్వు ఎంతసేపు వంగి కూర్చుని చెక్కి ఉంటావో ఆ సున్నా చూస్తేనే తెలుస్తోంది. అందుకే ఈ ఉత్తరం వెంటనే రాస్తున్నాను, పొడవైనా ఓపికగా చదువు.

నువ్వు అడిగింది ఒకటే. "ఇంతకంటే సన్నని మొన ఉన్న పనిముట్టు ఏది, ఖరీదైనా కొంటాను" అన్నావు. కొనవద్దు. నీ ముక్కను భూతద్దం కింద పెట్టి అరగంట చూశాను. నీ మొన చాలినంత సన్నగానే ఉంది. విరిగిన తలకట్టు పక్కన కత్తి గాటు నిట్టనిలువుగా దిగింది. రెండు మూడు చోట్ల అక్షరం కిందికి కూడా దూరింది. పైనుంచి చూస్తే అర మిల్లీమీటరు గీత చక్కగా కనిపిస్తుంది, కానీ దాని కింద ఏమీ లేదు. కాగితం మీద ఒత్తగానే అది పక్కకు ఒరుగుతుంది. పది అచ్చులు వేసేసరికి తెగుతుంది.

మీ ఊరి చెరువు కట్ట గుర్తు తెచ్చుకో. సైకిళ్ల మీద దాని వెంట పోయేవాళ్లం. పైన ఒక బండి పోయేంత దారి, అడుగున దానికి ఎన్ని రెట్ల వెడల్పు! పాకాల కట్టయినా, రామప్ప చెరువు కట్టయినా అంతే. పైన ఇరుకు, కింద విశాలం, రెండు వైపులా వాలు. నిలువుగా కోసిన మట్టిగట్టు ఒక్క పెద్ద వానకు జారిపోతుందని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. రబ్బరు మీద గీతనూ అలాగే నిలబెట్టాలి. కాగితానికి తగిలే అంచు వెంట్రుకంత ఉండవచ్చు, కానీ కిందికి దిగేకొద్దీ అది రెండు పక్కలా వెడల్పు కావాలి. సన్నని పని అంతా ఈ వాలులోనే ఉంది. పనిముట్లను కూడా నేను ఇప్పుడు ఇదే లెక్కన చూస్తాను: ఇది ఎంత సన్నగా కోస్తుంది అని కాక, కోసిన చోట ఎలాంటి గట్టు మిగులుస్తుంది అని.

ముందు కత్తి సంగతి. నేను వాడేది శస్త్రచికిత్స బ్లేడు, 11 నంబరు. 3 నంబరు పిడికి సరిపోతుంది. ఇక్కడ ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ ఉన్న దుకాణాలలో దొరుకుతుంది, మీ మంచిర్యాలలోనూ వైద్య సామగ్రి అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. 11 నంబరు త్రికోణంగా, సూదిలాంటి మొనతో ఉంటుంది కాబట్టి ఒంపుల్లో సులువుగా తిరుగుతుంది. 15 నంబరుకు అంచు గుండ్రం. అది పొడవాటి, నిదానమైన ఒంపులకు పనికొస్తుంది, ఒత్తుల దగ్గరికి మాత్రం తీసుకురావద్దు. పిడిని గీత మీదికి కొద్దిగా వాల్చు. అప్పుడు మొన గీతకు దూరంగా, ఏటవాలుగా లోపలికి దిగుతుంది. తరువాత ఎదుటి వైపు నుంచి మరో వాలు గాటు పెట్టు. రెండు గాట్లూ అడుగున కలిస్తే సన్నని పోగులా రబ్బరు లేచి వస్తుంది. లేవకపోతే గాట్లు కలవలేదని అర్థం, లాగవద్దు. లాగితే అక్షరం అంచు చిరుగుతుంది. మళ్లీ ఒకసారి కత్తి పెట్టు.

బ్లేడును పిడికి వేళ్లతో ఎక్కించవద్దని గట్టిగా చెబుతున్నాను. మూడేళ్ల కిందట తొందరలో అలా చేశాను. జారి ఎడమ బొటనవేలు తెగింది, రెండు కుట్లు పడ్డాయి, నెల రోజులు పని ఆగింది. చిన్న పటకారుతో బ్లేడు వెన్ను పట్టుకుని ఎక్కించు, తీసేటప్పుడూ దానితోనే తియ్యి. వాడేసిన బ్లేడ్లు మూత ఉన్న డబ్బాలో వెయ్యి. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

రెండోది, వి ఆకారపు ఉలి. లినోలియం అనే మెత్తటి పలకను చెక్కి బొమ్మలు అచ్చు వేసేవాళ్లు వాడే స్పీడ్‌బాల్ కంపెనీ సెట్టులో 1 నంబరు మొన ఇదే. నాకు దీని మీద ప్రేమ ఎక్కువ, ఎందుకో చెబుతాను. కత్తితో వాలు రావాలంటే ప్రతి గాటుకూ చెయ్యి గుర్తుపెట్టుకోవాలి. ఈ ఉలి రూపమే వాలు. గీతకు అటొకసారి ఇటొకసారి పోనిస్తే మధ్యలో చెరువు కట్ట దానంతట అదే మిగులుతుంది. గుండ్రటి అడుగున్న ఉలి లోతుగా దిగితే పక్క గోడలు నిలువుగా తయారవుతాయి. దాన్ని అక్షరాలకు దూరంగా, ఖాళీ జాగా తీసెయ్యడానికి ఉంచుకో. వి ఉలిని ఎంత లోతుకు నెట్టాలంటే, దాని రెండు రెక్కల పై అంచులూ ఎప్పుడూ రబ్బరు పైనే కనిపించాలి. ఒక రెక్క మునిగిందా, కోత ఆగి చీలిక మొదలవుతుంది. పిడి కిందికి దించి, మెల్లగా, ఒకే వేగంతో తొయ్యి. ఒంపు వచ్చినప్పుడు ఉలి కదలకూడదు, ఎడమ చేత్తో రబ్బరును తిప్పాలి. కుమ్మరి సారె తిరిగినట్టు రబ్బరు తిరగాలి, నీ కుడి చెయ్యి ఉన్నచోటే ఉండాలి. తెలుగు అక్షరాలకు ఇది మరీ ముఖ్యం. మనకు నిలువు గీతలు తక్కువ, అన్నీ ఒంపులే.

అంతకంటే చిన్న ఉలి కావాలనుకుంటే, ప్ఫైల్ అనే స్విట్జర్లాండ్ కంపెనీ అర మిల్లీమీటరు వెడల్పు ఉలి కూడా చేస్తుంది. బంగారంలాంటి పనిముట్టు, ధర కూడా అలాగే ఉంటుంది. నేను దాని బదులు పాత గొడుగు విప్పాను. పాత ఇనుప గొడుగు ఊచను అడ్డంగా చూడు, చిన్న కాలువలా ఉంటుంది. జానెడు ముక్క కోసి, కొసను సానరాయి మీద ఏటవాలుగా అరగదీసి, వెదురు పుల్లలో గుచ్చి దారం చుట్టాను. చెక్కను కొయ్యడానికి ఆ ఇనుము చాలదేమో గానీ రబ్బరుకు చాలు. దానితో తలకట్టు తోక పక్కన, గుడి లోపల కూడా తిరగవచ్చు. ఇప్పటి గొడుగులలో చాలావాటికి అల్యూమినియం, ఫైబరు ఊచలు, వాటికి పదును నిలవదు. అటక మీద మీ నాన్నగారి పాత గొడుగు ఉందేమో అడిగి చూడు.

పదును గురించి ఒక్క మాట. కొత్త ఉలి మొనకు కూడా ఒకసారి పదును పెట్టుకోవడం మంచిది. పాత తోలు బెల్టు ముక్కకు లోహాలు మెరిపించే ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి, మంగలి తోలుపట్టా మీద కత్తి నూరినట్టు వెనక్కి మాత్రమే లాగు. వి ఉలి లోపలి వైపుకు తోలును మడిచి ఆ మడత అంచుతో రుద్దు. గంటకోసారి ఇలా చేస్తే కోత గాజులా మెరుస్తుంది. మెరవని కోత అచ్చులో గరుకుగా పడుతుంది.

ఇప్పుడు సున్నా. నీ "కం"లో సున్నాను కత్తితో తవ్వావు, అందుకే లోపల పలుగాట్లు. దీనికి ఇంజెక్షను సూది వాడు. వాడని, కొత్త సూది. 18 నంబరుది తెచ్చుకో, దాని ప్లాస్టిక్ మొదలు గులాబీ రంగులో ఉంటుంది. బయటి కొలత సుమారు 1.27 మిల్లీమీటర్లు, లోపలి బోలు 0.84. ఇంకా చిన్న చుక్కకు ఆకుపచ్చ మొదలున్న 21 నంబరు. వాలుగా ఉన్న కొసను ఆకురాయితో సమంగా అరగదీసి, బయటి అంచును సానరాయి మీద దొర్లిస్తూ పదును పెట్టు. రబ్బరులో మిల్లీమీటరు లోతుకు ఒత్తి, గుండ్రంగా తిప్పి తియ్యి. లోపలి ముక్క తెగి సూదితో పాటే వస్తుంది, సన్నని తీగతో వెనక నుంచి తోసేస్తే సరి. ముందు ఈ రంధ్రం, ఆ తరువాతే సున్నా బయటి వలయం. క్రమం తిరగబడితే సన్నని ఉంగరం సూది ఒత్తిడికి పగులుతుంది.

ఈ సూదితోనే నేను ఒక పెద్ద పొరపాటు చేశాను, అది నీకు తప్పక చెప్పాలి. కిందటి శీతాకాలం ఖిలా వరంగల్ తోరణం చెక్కడం మొదలుపెట్టాను. పైన రెండు కొసలకూ హంసలు, వేలాడే మొగ్గలు, వాటి కింద నా సొంతంగా ఒక ముత్యాల వరుస. హంసలు సరిగ్గా వచ్చాయి. ముత్యాలకు సూది పెట్టి ఒత్తి, ఈసారి లోపలి చుక్కను నిలబెట్టి చుట్టూ ఉన్నదంతా తీసేశాను. ఇరవై రెండు చుక్కలు, సమంగా, ముచ్చటగా. మొదటి అచ్చు చూసి ఇంట్లో అందరినీ పిలిచాను. ఆరో అచ్చుకు మూడు ముత్యాలు పక్కకు పడుకున్నాయి, పదిహేనో అచ్చుకు సగం లేవు. అప్పుడు తట్టింది. సూది గుండ్రంగా కోసినా దాని గోడ నిలువే. నేను చెరువు కట్టకు బదులు స్తంభాలు నిలబెట్టాను. మళ్లీ మొత్తం ముద్ర చెక్కాను. ఈసారి వి ఉలితో పొడవునా రెండు సమాంతర కాలువలు తీసి మధ్యలో ఒక గట్టు మిగిల్చాను. ఆ గట్టుకు అడ్డంగా అదే ఉలితో సమదూరంలో చిన్న గాట్లు పెట్టాను. ప్రతి ముత్యమూ నాలుగు వైపులా వాలున్న చిన్న గుట్టగా మిగిలింది. కాస్త పలకలుగా ఉంటాయి కానీ ఈ చుక్కల మీద వందకు పైగా అచ్చులు వేశాను, ఒక్కటీ చెదరలేదు. లోపల తెల్లగా ఉండాల్సిన చుక్కకు సూది, నల్లగా నిలవాల్సిన చుక్కకు వి ఉలి. ఇది రాసిపెట్టుకో.

రబ్బరు విషయంలో నీ ఎంపిక మంచిదే. మెత్తటి తెల్ల ప్లాస్టిక్ రబ్బరు కంటే సన్నని గీతకు వేరే ఏదీ నచ్చలేదు నాకు. సిరా చెరపడానికి వాడే గరుకు రబ్బరు జోలికి పోవద్దు, అందులోని పొడి పదునును నిమిషాల్లో తినేస్తుంది. జపానులో ఈ పనిని కెషిగోము హాంకో అంటారు, అంటే చెరిపే రబ్బరుతో చేసిన ముద్ర. అక్కడ నాన్సీ సెకి అనే రచయిత్రి, 1962లో పుట్టి 2002లో చనిపోయింది, టీవీలో కనిపించేవాళ్ల ముఖాలను చెరిపే రబ్బరు మీద చెక్కి, తన వ్యాసాల పక్కన అచ్చు వేసేది. ఇప్పుడు వాళ్లకు పైపొర రంగులో, లోపల తెల్లగా ఉండే దిమ్మెలు దొరుకుతాయి, కోసిన చోటు వెంటనే తెల్లగా తెలుస్తుంది. మనం స్టాంపు ప్యాడును పైన ఒకసారి తేలికగా అద్ది తుడిచేస్తే అదే సౌకర్యం వస్తుంది.

అక్షరాలు తిరగరాయడానికి అవస్థ పడ్డానన్నావు. ట్రేసింగు కాగితం మీద మెత్తటి పెన్సిలుతో మామూలుగా రాసి, దాన్ని బోర్లించి గోటితో రుద్దు. తిరగబడే పని కాగితమే చూసుకుంటుంది.

ఎండాకాలంలో మాత్రం ఉదయం పూట చెక్కు. మే నెలలో మధ్యాహ్నం ఈ రబ్బరు మెత్తబడి కత్తి కింద వంగుతుంది, గీత కదులుతుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే గట్టిపడి కోత శుభ్రంగా వస్తుంది. పూర్తయిన ముద్రను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాచవద్దు. రబ్బరును మెత్తగా ఉంచే పదార్థం డబ్బాలోకి ఇంకి రెండూ అతుక్కుంటాయి. ఒక గోరింక బొమ్మను నేను అలాగే పోగొట్టుకున్నాను. కాగితంలో చుట్టి అగ్గిపెట్టెలో ఉంచు.

అచ్చు వేసేటప్పుడు ముద్రను ప్యాడు మీద గుద్దవద్దు. ముద్రను బోర్లా కాక వెల్లకిలా పట్టుకుని, ప్యాడునే దాని మీద తేలికగా నాలుగైదుసార్లు అద్దు. నీ సున్నా పూడిపోవడంలో సగం తప్పు సిరాదే. ముద్రను అలాగే బల్ల మీద ఉంచి, పైన నునుపు కాగితం పరిచి వేలితో నిమిరితే ఇంకా సన్నగా పడుతుంది. పుస్తకాలకు అది కుదరదు కాబట్టి చిన్న చెక్కకు అతికించి, బలం పెట్టకుండా నిటారుగా ఒత్తు.

రేపు పార్సిలు పంపుతున్నాను. అందులో గొడుగు ఊచ ఉలి, అరగదీసిన రెండు సూదులు కార్కు ముక్కకు గుచ్చి ఉంటాయి, పిల్లలకు అందకుండా తీసుకో. మూడు తెల్ల రబ్బర్లు, తోలు ముక్క కూడా పెట్టాను. "మన పుస్తకం" మళ్లీ చెక్కు. ఈసారి అక్షరాలు రెండు మిల్లీమీటర్లు పెద్దవి చెయ్యి, లేకపోతే తకారం ఒత్తుకు చోటు చాలదు. పూర్తయ్యాక అచ్చు ఒక్కటే పంపితే ఒప్పుకోను. ముద్రను కూడా పంపు, పక్క నుంచి వెలుతురు పెట్టి గట్ల వాలు చూసి తిరుగు టపాలో నీకు చేరుస్తాను.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
హనుమకొండ మిత్రుడు