సౌండ్ రాని లాప్‌టాప్‌ను ఫార్మాట్‌కు ఇవ్వకండి: మా కస్టమర్లకు మనవి

బెంగళూరు మారతహళ్లిలోని మా సర్వీసు షాపుకు లాప్‌టాప్‌లు తెచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి సౌండ్ రావడం లేదన్న ఫిర్యాదుతో వచ్చే ప్రతి లాప్‌టాప్‌నూ మీ ఎదుటే కౌంటరు మీద పరీక్షించి, లోపం ఎక్కడ ఉందో మీకు చూపించిన తరువాతే లోపలికి తీసుకుంటాము. సెట్టింగు మార్చడంతోనో, డ్రైవర్ (విండోస్‌ను సౌండ్ చిప్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సరిచేయడంతోనో సౌండ్ వచ్చేస్తే 200 రూపాయలకు మించి తీసుకోము. లాప్‌టాప్ విప్పవలసి వస్తే, విప్పడానికి ముందే ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇస్తాము. సౌండ్ ఒక్కదాని కోసం విండోస్‌ను ఫార్మాట్ చేయము, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేసి విండోస్‌ను మళ్లీ ఎక్కించము. మీరే అడిగినా వద్దని చెబుతాము. ఈ పద్ధతి వల్ల మాకు వచ్చే నష్టమూ ఉంది, మీకు కలిగే ఇబ్బందీ ఉంది. రెండింటినీ దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

ఫార్మాట్ అన్నది మా వృత్తిలో సులువైన పని. పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెడితే దాని దారిన అది సాగిపోతుంది, ఈలోగా పక్కన ఉన్న మరో లాప్‌టాప్ చూసుకోవచ్చు, రుసుము కూడా ఖాయంగా వస్తుంది. లోపం వెతకడానికి మాత్రం పని తెలిసిన మనిషి ఒకరు కూర్చుని ఆలోచించాలి, ఆ ఆలోచనకు ఎంత తీసుకోవాలో ఏ రేటు పట్టికలోనూ ఉండదు. అందుకే సౌండ్ పోయిందనగానే ఫార్మాట్ చేయాలనో, మదర్‌బోర్డు పోయిందనో చెప్పే షాపులు ఉన్నాయి. ఇంట్లో ఎలుకలు ఉన్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఒక చిన్న సెట్టింగు కోసం ఏళ్ల తరబడి దాచుకున్న ఫోటోలూ, పన్ను కాగితాలూ, మళ్లీ దొరకని సాఫ్ట్‌వేర్ లైసెన్సులూ పోగొట్టుకుని మా దగ్గరికి వచ్చినవారిని చూసి నాకు నిజంగా బాధ కలిగింది. పైగా లోపం స్పీకర్ తీగలోనో, ఇయర్‌ఫోన్ పెట్టే జాక్‌లోనో ఉన్నప్పుడు ఫార్మాట్ చేసినా సౌండ్ రాదు.

మీరు పాట పెట్టినప్పుడు ఆ శబ్దం ముందుగా ఆ యాప్ నుంచి విండోస్‌కు, విండోస్ నుంచి డ్రైవర్‌కు, డ్రైవర్ ద్వారా మదర్‌బోర్డు మీద ఉండే కోడెక్ అనే చిప్‌కు, అక్కడి నుంచి ఆంప్లిఫయర్ మీదుగా స్పీకర్‌కు చేరుతుంది. ఈ దారిలో అది ఎక్కడ ఆగిపోయిందో తేల్చడమే మా పని. కౌంటరు దగ్గరికి వచ్చేవాటిలో చాలా లాప్‌టాప్‌లకు అది మొదటి రెండు మెట్లలోనే ఆగిపోయి ఉంటుంది, కాబట్టి బస్సెక్కి ఇంత ట్రాఫిక్‌లో మా దాకా రావడానికి ముందు కొన్ని సంగతులు మీరే ఇంట్లో చూసుకోవచ్చు.

ఇంటి నుంచి పనిచేసేవారు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో తరచుగా కనిపించేది మానిటర్ సమస్య. హెచ్‌డిఎంఐ కేబుల్‌తో మానిటర్‌నో టీవీనో తగిలించినప్పుడు విండోస్ సౌండ్‌ను కూడా అటే పంపేస్తుంది. ఆ మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే లాప్‌టాప్ మూగపోయినట్టే ఉంటుంది. పక్క గదిలో ఎవరి చేతిలోనో ఉన్న బ్లూటూత్ ఇయర్‌బడ్స్ లాప్‌టాప్‌కు కలిసి ఉన్నా అంతే. విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వి కీలు మూడూ కలిపి నొక్కితే సౌండ్ ఎటు వెళుతోందో చూపే జాబితా తెరుచుకుంటుంది, అందులో లాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకుంటే చాలు. అక్కడే కింద ఒక్కొక్క యాప్‌కు విడిగా వాల్యూమ్ గీత కనిపిస్తుంది. బ్రౌజర్ గీత ఒక్కటే సున్నా దగ్గర ఉండి, మిగిలినవన్నీ మోగుతూ ఉండటం కూడా అరుదేమీ కాదు. కీబోర్డు పై వరుసలో స్పీకర్ బొమ్మ ఉన్న కీ (సౌండ్ ఆపే మ్యూట్ కీ) మీద లైటు వెలుగుతోందేమో కూడా చూడండి.

తరువాత రీస్టార్ట్ చేయండి. నేను షట్‌డౌన్ అనడం లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగమూ డ్రైవర్లూ ఉన్న స్థితిని డిస్కు మీద దాచి, మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే స్థితిని తిరిగి ఎక్కిస్తుంది, కాబట్టి చిక్కుపడిన ఆడియో డ్రైవర్ చిక్కుపడినట్టే లేస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి. రాత్రి ఆఫ్ చేసి పొద్దున ఆన్ చేశాను, అయినా సౌండ్ రాలేదు అని ఫోన్ చేసేవారికి మేము ముందుగా చెప్పేది ఇదే, ఫోన్ మీదే పని పూర్తయితే దానికి రుసుమేమీ లేదు.

అప్‌డేట్ తరువాత సౌండ్ పోయిందని చెప్పేవారి మాటను తేలికగా తీసుకోకూడదు. 2024 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థే విండోస్ 11లోని 24హెచ్2 అప్‌డేట్ వల్ల, డిరాక్ అనే సౌండ్ మెరుగుదల సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని లాప్‌టాప్‌లలో లోపలి స్పీకర్లూ బ్లూటూత్ హెడ్‌సెట్లూ పనిచేయడం లేదని ఒప్పుకుని, కొత్త డ్రైవర్ వచ్చేదాకా అలాంటి యంత్రాలకు ఆ అప్‌డేట్‌ను నిలిపివేసింది. ఆ లాప్‌టాప్‌లలో స్పీకర్లు చెడిపోలేదు, బోర్డు చెడిపోలేదు. మీకు ఇలాంటి అనుమానం ఉంటే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో సౌండ్ విభాగం తెరిచి, రియల్‌టెక్ లేదా ఇంటెల్ స్మార్ట్ సౌండ్ అన్న పేర్ల పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడండి. అప్‌డేట్ మొన్ననే జరిగి ఉంటే డ్రైవర్ ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ అనే బటన్ నొక్కి పాతదానికి వెళ్లవచ్చు. ఆ బటన్ పనిచేయకపోతే లాప్‌టాప్ తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు ఇచ్చి, వాళ్లు ఇచ్చే ఆడియో డ్రైవరే దించుకోవాలి. డ్రైవర్లన్నీ తనంతట తానే వెతికిపెడతానని ప్రకటనలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లను దయచేసి వాడకండి. వాటివల్ల సౌండ్‌తో పాటు ఇంకొన్ని పోగొట్టుకుని వచ్చిన లాప్‌టాప్‌లను బాగుచేయడమే మాకు అన్నిటికంటే కష్టమైన పని.

ఇంతవరకూ చేసినా రాకపోతే ఇంట్లో ఉన్న ఇయర్‌ఫోన్లు తీసుకోండి. మేము కౌంటరు మీద చేసే పరీక్షకు ప్రాణం ఇక్కడే ఉంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లలో సౌండ్ వచ్చి, స్పీకర్లలో రాకపోతే విండోస్, డ్రైవర్, కోడెక్ చాలావరకు బాగున్నట్టే. స్పీకర్లు, వాటి తీగ, ఆంప్లిఫయర్, జాక్ చూడాలి. తీగ ఇయర్‌ఫోన్లలోనూ స్పీకర్లలోనూ రాకుండా, బ్లూటూత్‌లో మాత్రం వస్తోందనుకోండి. బ్లూటూత్ సౌండ్ కోడెక్ చిప్ మీదుగా పోదు కాబట్టి, విండోస్ బాగుండి లోపం డ్రైవర్ దగ్గరో కోడెక్ దగ్గరో ఉందని అర్థం. మూడింటిలోనూ రాకపోతే విండోస్‌నే అనుమానించాలి, ముందుగా విండోస్‌లోని సర్వీసెస్ అనే జాబితాలో విండోస్ ఆడియో అన్నదాన్ని రీస్టార్ట్ చేయాలి. డ్రైవరా, చిప్పా అన్నది తేలకపోతే మేము ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్‌ను లేపి చూస్తాము. మీ డిస్కును ముట్టుకోకుండానే అది నడుస్తుంది. అందులో స్పీకర్ మోగిందంటే యంత్రం బాగున్నట్టే, మళ్లీ విండోస్ డ్రైవర్ల వైపే చూస్తాము. మోగకపోయినంత మాత్రాన చిప్ పోయిందని తీర్మానించము, ఎందుకంటే కొన్ని కొత్త మోడళ్ల ఆంప్లిఫయర్లు ఉబుంటులో సరిగా పనిచేయవు.

జాక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇటీవల ఒక అమ్మాయి, సాయంత్రం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పెట్టుకుని, మధ్యాహ్నం లాప్‌టాప్ తెచ్చింది. వేరేచోట మదర్‌బోర్డు మార్చాలన్నారట. తెరిచి చూస్తే ఏమీ తగిలించకుండానే సౌండ్ జాబితాలో హెడ్‌ఫోన్స్ అని చూపిస్తోంది. జాక్ రంధ్రంలోకి టార్చ్ వేసి భూతద్దంతో చూస్తే లోపలి చివర పసుపు రంగు లోహం మెరుస్తూ కనిపించింది: ఇయర్‌ఫోన్ పిన్ కొన విరిగి అక్కడే ఉండిపోయింది. రంధ్రంలో పిన్ ఉందో లేదో కనిపెట్టడానికి జాక్ లోపల ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పిన్ తోసినప్పుడు అది కదిలి, స్పీకర్లను ఆపి సౌండ్‌ను హెడ్‌ఫోన్‌కు మళ్లించమని చెబుతుంది. ఆ విరిగిన ముక్క స్విచ్‌ను నొక్కే ఉంచింది, కాబట్టి లాప్‌టాప్ తనకు హెడ్‌ఫోన్ తగిలించే ఉందని నమ్ముతోంది. అదృష్టవశాత్తూ ఆ మోడల్‌లో జాక్ మదర్‌బోర్డు మీద కాకుండా, యుఎస్‌బి పోర్టులతో పాటు రిబ్బన్ కేబుల్‌తో కలిపిన చిన్న విడి బోర్డు మీద ఉంది. దాన్ని ఊడదీసి, వెనుక వైపు నుంచి ముక్కను బయటికి తోసి మళ్లీ బిగించాము. ఆమె ఇంటర్వ్యూ వేళకు ఇంటికి చేరింది. ఇదే లక్షణం దూది పోగుల వల్లనో, తుప్పు వల్లనో కూడా వస్తుంది. దయచేసి గుండుసూదితో, హెయిర్‌పిన్‌తో పొడవకండి. అలా పొడిచిన జాక్‌లలో స్విచ్ పూర్తిగా వంగిపోతుంది.

స్పీకర్లే చెడిపోయాయా అన్నది మల్టీమీటరుతో తేలుతుంది. బ్యాటరీ కనెక్టరు తీసేసి స్పీకర్ తీగ కొనలకు మీటరు పెడితే చాలా లాప్‌టాప్‌లలో 4 ఓములు, కొన్నింటిలో 8 ఓములకు దగ్గరగా చూపించాలి. ఏమీ చూపించకపోతే స్పీకర్ లోపలి కాయిల్ గానీ, తీగ గానీ తెగినట్టు. ఇక్కడ మీకు కలిగే ఇబ్బంది మొదలవుతుంది. సదర్ పత్రప్ప రోడ్డులో, అంటే మనమంతా ఎస్పీ రోడ్డు అనేచోట, అన్ని మోడళ్లకూ అసలు స్పీకర్లు దొరకవు. సరిపోతుందని ఇచ్చే ఇతర తయారీ స్పీకర్లు మోగుతాయి గానీ, కొన్నింటిలో గొంతు పలచబడుతుంది, వాల్యూమ్ పెంచితే గరగరమంటుంది. అసలుది కావాలంటే తెప్పించడానికి రోజులు పడతాయి, అప్పటిదాకా లాప్‌టాప్‌ను మా దగ్గర ఉంచుకోకుండా తిరిగి బిగించి మీకే ఇచ్చేస్తాము. ఏది వేసినా ఏ రకమో బిల్లు మీద రాస్తాము.

కాఫీ, నీళ్లు ఒలికినవాటి సంగతి వేరు. సౌండ్ ఒక్కటే పోయిందని మీకు అనిపించినా, లోపల తుప్పు నెమ్మదిగా పాకుతూ ఉండవచ్చు. అలాంటిది జరిగితే వెంటనే ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, మళ్లీ ఆన్ చేసి చూడకుండా తీసుకురండి. ఏమి ఒలికిందో నిజం చెప్పండి, మేము తప్పుపట్టము. చక్కెర ఉన్న ద్రవమైతే శుభ్రం చేసే తీరే మారుతుంది.

కోడెక్ చిప్ మార్చే పని మా షాపులో చేయము. దానికి కావలసిన పరికరాలు ఉన్న బోర్డు రిపేరు నిపుణుడికి పంపుతాము, ఆయన తీసుకునే మొత్తం ఎంతో మీకు ముందే చెబుతాము. అయితే ఒక సౌండ్ కోసం మదర్‌బోర్డు మార్చమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను. కొన్ని వందల రూపాయలకు దొరికే యుఎస్‌బి సౌండ్ కార్డులో దాని సొంత కోడెక్ ఉంటుంది కాబట్టి, చెడిపోయిన చిప్‌ను పక్కనపెట్టి ఇయర్‌ఫోన్లూ బయటి స్పీకర్లూ హాయిగా వాడుకోవచ్చు. మనవలతో వీడియోలో మాట్లాడటానికీ, పిల్లల సంగీతం క్లాసులకూ వాడే పాత లాప్‌టాప్‌కు అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేదు.

ఎదుటే పరీక్షిస్తాము కాబట్టి కౌంటరు దగ్గర వేచి ఉండవలసి వస్తుంది, శనివారాలు మరీ ఎక్కువ. లాప్‌టాప్ ఇచ్చేసి వెళ్లి సాయంత్రం వస్తామనే అలవాటు ఉన్నవారికి ఇది నచ్చకపోవచ్చు. వీలైతే మామూలు రోజుల్లో పొద్దున పూట రండి. మీరు అక్కడే ఉంటే పాస్‌వర్డు మాకు చెప్పవలసిన పని లేదు, మీరే టైపు చేయవచ్చు.

ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్‌ను మాత్రం మీ కంపెనీ ఐటి విభాగం రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే విప్పుతాము. డ్రైవర్ మార్చే అనుమతి మీకే ఉండదు, మాకు అసలే ఉండదు. వారంటీ మిగిలి ఉంటే ముందుగా తయారీ కంపెనీ సర్వీసు సెంటర్‌కే వెళ్లండి, అక్కడ ఉచితంగా అయ్యే పనికి మా దగ్గర డబ్బు ఇవ్వకండి. వచ్చేటప్పుడు ఛార్జర్, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు తెచ్చుకోండి. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉన్నవారు 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ముందే రాసుకుని రండి, ఎందుకంటే బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయవలసి వచ్చినప్పుడు విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే మీ ఫైళ్లు తెరవడం మా చేతిలో ఉండదు.