మా ఆరు కార్డుల రామాయణం ఎక్కడుంది సార్?: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో రిటైరైన తెలుగు పంతుల్ని. చేతుల్లో చిరుతలు మోగిస్తూ రామాయణాన్ని పాడి ఆడే మా ఊరి చిరుతల రామాయణం జట్టులో తాళం వేస్తాను, జమాఖర్చులు రాస్తాను, అర్జీలు రాసే పని కూడా నాదే. ఇది అయిదో అర్జీ. మొదటి నాలుగూ కవర్లో పెట్టి పంపాను, రసీదులు నా దగ్గరున్నాయి. ఇది కవరు లేకుండా పంపుతున్నాను. మీరు చదవకపోయినా దారిన పోయేవాళ్ళెవరైనా చదువుతారని ఆశ.

కళారూపాలను వీడియో తీసి భద్రపరిచే పథకం సంగతి మీకు నేను చెప్పేదేముంది. 2023 మే నెలలో ఆ పథకం మా ఊరికి రెండు కార్లలో, ఒక జనరేటర్ బండిలో వచ్చింది. అప్పుడు ఆ కుర్చీలో మీరు లేరు, తెలుసు. కానీ ఫైలు కుర్చీతో పాటు వస్తుంది కదా సార్.

చిరుతల రామాయణం మా దగ్గర అయిదు రాత్రులు ఆడతాం. షూటింగ్ వాళ్ళు ఒక్క రాత్రే అన్నారు. మా గురువు, హార్మోనియం వాయించే పెద్దాయన, ముందు ఒప్పుకోలేదు. తర్వాత, "రేపు మనం పోయినా పిల్లలు చూసుకుంటరు" అని తనే మెత్తబడి, ఇరవై రోజులు కూర్చుని అయిదు రాత్రుల ఆటను ఒక రాత్రికి కుదించాడు. ఏ దరువు (ఆటలో పాడే పాట) ఉంచాలి, ఏది తీసేయాలి అని రెండు వందల పేజీల నోట్‌బుక్ నిండా కొట్టివేతలే. మంథర ముచ్చట కోసేసిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళింటామె చెప్పింది. పెట్టిన షరతు ఒక్కటే. మొదలు నుంచి పట్టాభిషేకం దాకా తీయాలి, ఆ మొత్తం కాపీ మాకు ఇవ్వాలి. తల ఊపారు. కాపీ ఇవ్వడమే కాదు, జిల్లా కేంద్రంలో పెద్ద తెర కట్టి కళాభిమానులందరికీ చూపిస్తామని కూడా అన్నారు. ఆ మాట మేం అడగలేదు. వాళ్ళంతట వాళ్ళే అన్నారు.

ఆ రాత్రి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఓపిక పట్టండి.

చిరుతల ఆట గుండ్రంగా తిరుగుతూ ఆడేది. జనం చుట్టూ కూర్చుంటారు. దానికి ముందు, వెనక ఉండవు. వచ్చినవాళ్ళు లైట్లన్నీ ఒకే పక్కన పెట్టి, "అందరూ కెమెరా వైపు తిరిగి ఆడండి" అన్నారు. మా రాముడు ట్రాక్టర్ డ్రైవర్, సీత ఆటో నడుపుతాడు, లక్ష్మణుడు బత్తాయి తోట కౌలుకు చేస్తాడు. ముప్పై ఏళ్ళ నుంచి గుండ్రంగా తిరిగిన కాళ్ళు ఒక్కసారిగా బడిపిల్లల్లా వరుసలో నిలబడాల్సి వచ్చింది. రావణుడు రెండుసార్లు హనుమంతుడి తోక తొక్కాడు. జనం నవ్వారు. "ఆడియన్స్ నవ్వొద్దు, సౌండ్ పడుతుంది" అన్నారు.

అంతకన్నా పెద్దది చిరుతల సంగతి. చిరుతలు అంటే చేతికి రెండేసి కొయ్య ముక్కలు, వాటిలో చిన్న ఇత్తడి బిళ్ళలు. ఇరవై మంది ఒకేసారి వేస్తే గుండెలో కొట్టినట్టుంటుంది. ఆటకు పేరే దాని మీద వచ్చింది. సౌండ్ చూసే అతను చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, "లెవెల్స్ దాటిపోతున్నాయి, చిరుతలు కొంచెం మెల్లగా కొట్టండి" అన్నాడు. మా గురువు హార్మోనియం ఆపి, "బిడ్డా, మెల్లగ కొడితే కాలు లేవదు" అన్నాడు. నాకు కెమెరాల గురించి పెద్దగా తెలియదు. కానీ ధ్వని ఎక్కువైతే మీటరు తగ్గించుకోవాలా, ఆట తగ్గించుకోవాలా? మృదంగం ఎక్కువ వినిపిస్తోందని ఏ కచేరీలోనైనా విద్వాంసుణ్ణి వేలితో వాయించమంటారా?

ఒంటిగంటకు పెద్ద కెమెరా, దాని వెనకున్న పెద్దమనిషి కారెక్కారు. రెండో కెమెరాతో ఒక కుర్రవాడు మాత్రం ఉండిపోయాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. వాడు బంగారం సార్. లైట్లను నాలుగు పక్కలకీ తనే జరిపి, కెమెరా భుజాన వేసుకుని మాతోపాటు గుండ్రంగా తిరిగాడు. మేం వరుస వదిలేసి మళ్ళీ మా ఆట ఆడుకున్నాం. తెల్లవారుజామున పట్టాభిషేకం అయ్యేసరికి వాడి చొక్కా కూడా మా చొక్కాల్లాగే తడిసిపోయింది. చాయ్ తాగుతూ అరచేతిలో కెమెరాలోంచి తీసిన చిన్న చిన్న మెమరీ కార్డులు చూపించి, "ఆరు నిండినయ్ తాతా, మొత్తం వచ్చింది" అని మా గురువుతో అన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను కాబట్టే రెండేళ్ళ నుంచి తిరుగుతున్నాను. ఆ కార్డులు ఉన్నాయి. ఎక్కడో ఉన్నాయి.

పోయే ముందు ఒక ఫారం తెచ్చారు. రెండు పేజీలు, ఇంగ్లీషులో. ఇరవై మూడు మంది సంతకాలు, అందులో నాలుగు వేలిముద్రలు. దాని కాపీ కూడా మాకు ఇవ్వలేదు. మనిషికి అయిదు వందలు ఇస్తామన్నారు, ఇచ్చారు, అబద్ధం ఆడను. వాళ్ళ భోజనాలకు మాకు అంతకన్నా ఎక్కువే అయింది, అది వేరే సంగతి.

ఆ ఏడాది ఆగస్టు 22, జానపద దినోత్సవం రోజు మా వీడియో ఫోన్లలో వచ్చింది. ఊరంతా ఒకరికొకరు పంపుకున్నారు. నిడివి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. మొదటి నలభై సెకన్లు మా చెరువు. డ్రోన్‌తో తీశారు, చాలా అందంగా ఉంది సార్, మా చెరువు అంత బాగుంటుందని మాకే తెలియదు. పాపం చెరువుకు పాడటం రాదు. తర్వాత గజ్జెలు కట్టిన కాళ్ళు, రంగు పూసుకుంటున్న ముఖం, మళ్ళీ కాళ్ళు, అవి కూడా స్లో మోషన్లో. వెనకాల వేణువు. మా ఆటలో వేణువు లేదు. చిరుతల శబ్దం మొత్తం తీసేసి, దాని మీద ఎవరో వాయించిన వేణువు పెట్టారు. చివర్లో "జానపద కళారూపం" అని అక్షరాలు. ఊరి పేరు లేదు, గురువు పేరు లేదు, ఇరవై మూడు మందిలో ఒక్కరి పేరూ లేదు. డ్రోన్ తిప్పినాయన పేరు ఉంది.

మా గురువు దాన్ని మనవడి ఫోన్లో చూశాడు. అయిపోయాక ఫోన్ను తిప్పి వెనక వైపు చూశాడు, అక్కడేమన్నా ఉందేమో అన్నట్టు. "నా పెట్టె సప్పుడేదిరా?" అని ఒక్క మాట అడిగాడు. హార్మోనియాన్ని ఆయన పెట్టె అనేవాడు.

ఆ రోజు నుంచి మొదలైంది నా తిరుగుడు. జిల్లా కేంద్రంలో మీ శాఖ ఆఫీసుకు మొదటిసారి వెళ్తే అంతా భద్రంగా ఉంది, పైనుంచి పర్మిషన్ రావాలి అన్నారు. సంతోషించాను. ఎన్నికల కోడ్ అన్నారు, అదీ నిజమే, ఊరుకున్నాను. కోడ్ అయిపోయాక వెళ్తే, తీసింది ప్రైవేటు ఏజెన్సీ, వాళ్ళకు బిల్లు పెండింగ్, అందుకే మెటీరియల్ అప్పగించలేదు అన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఎప్పుడో ఇచ్చేశాం అన్నారు. మళ్ళీ వెళ్తే ఈసారి కొత్త ఆయన కూర్చున్నాడు, మంచివాడే, కంప్యూటర్లో చాలాసేపు వెతికి, "హార్డ్ డిస్క్ కరప్ట్ అయినట్టుంది మాస్టారూ" అన్నాడు. భద్రంగా ఉన్నది, అసలు రానిది, వచ్చి పాడైపోయినది, ఈ మూడూ ఒకే వస్తువు ఎలా అవుతుందో నాకు పాఠం చెప్పండి. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడిగితే, "కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు" అని ఒకటిన్నర లైను జవాబు. ఆ ఒకటిన్నర లైనులో రెండు అచ్చుతప్పులు. పంతుల్ని కదా, కంటపడ్డాయి.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పెద్ద టీవీలో ఒక ఒపేరా, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం, పెట్టాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్ళది. 2006 డిసెంబరు నుంచి వాళ్ళు తమ ప్రదర్శనలను నేరుగా సినిమా హాళ్ళకు పంపుతున్నారట. లండన్ నేషనల్ థియేటర్ వాళ్ళు నాటకాలను 2009 నుంచి అలాగే చూపిస్తున్నారు, అవి మన ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో కూడా వేస్తారు, టికెట్టు కొనుక్కుని మరీ చూస్తారు. నాకు ఆ భాష రాదు. అయినా కదలకుండా కూర్చున్నాను. ఎందుకంటే పాడేవాడు పాడుతున్నంతసేపూ కెమెరా అతని మీదే ఉంది. ఊపిరి తీసుకోవడం కనిపించింది. వాద్యాల వాళ్ళను చూపించారు. వేణువు వినిపించినప్పుడు వేణువు వాయించేవాడే కనిపించాడు! చివర్లో పేర్లు ఎంతసేపు వచ్చాయో, మా కోడలు చాయ్ పెట్టి తెచ్చింది, ఇంకా వస్తూనే ఉన్నాయి. మేం అంత ఖర్చు అడగట్లేదు సార్. తీసింది తీసినట్టు ఉంచమంటున్నాం.

రామాయణమంటే గుర్తొచ్చింది. ఉత్తరాదిలో ఆడే రామ్‌లీల 2008లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. వాళ్ళ రాముడూ మా రాముడూ ఒక్కడే అనుకుంటాను.

ఇంకో మాట. కాపీరైట్ చట్టం తెప్పించుకుని చదివాను, ముసలితనంలో ఇదొక కాలక్షేపం. 2012 సవరణలో చేర్చిన 38-బి సెక్షన్ ప్రకారం ప్రదర్శన ఇచ్చినవాడికి ఇది నా ప్రదర్శన అని గుర్తింపు కోరే హక్కుంది. తన పరువు పోయేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంది. నిడివి కోసం కత్తిరించడం తప్పు కాదని అక్కడే వివరణ కూడా ఉంది, అదీ చదివాను, దాచను. సరే, కత్తిరించండి. రాత్రంతా ఆడింది మూడు నిమిషాలు చేయండి. పేరు వేయడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? చిరుతలు తీసి వేణువు పెట్టడం ఏ నిడివి కోసం?

మన దక్షిణ తెలంగాణలో కళాకారులు లేరని ఎవరూ అనలేరు. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. దామరగిద్ద దాసరి కొండప్ప గారి బుర్రవీణకు 2024లో వచ్చింది. సంతోషించాం, మా ఊళ్ళో మిఠాయిలు పంచాం. ఆ బిరుదులు వచ్చిన రోజు అందరూ ఫోన్లు పట్టుకుని పరుగెత్తుతారు, ఆ పాట ముక్క ఒకటి తీసుకుంటారు. ఎండాకాలం పని లేని రోజుల్లో నెలలపాటు కూర్చోబెట్టి దరువు నేర్పే గురువు దగ్గరికి ఎవరొస్తారు? ఎవరూ రారు అందామంటే మా దగ్గరికి వచ్చారు. వచ్చి తీసుకుపోయారు. అదే బాధ.

మా గురువు పోయిన ఏడాది శ్రావణంలో కాలం చేశాడు.

ఆ నోట్‌బుక్ నా దగ్గరుంది. పాటలన్నీ ఉన్నాయి, కానీ ఏ దరువు దగ్గర ఆయన గొంతు ఎంత లాగేవాడో, సీత అడవిలో ఒంటరిగా ఉన్న చోట పెట్టె ఆపేసి వట్టి నోటితో ఎలా పాడేవాడో అక్షరాల్లో రాయలేం. పిల్లలు నేర్చుకోవాలంటే అది వినాలి. ఊళ్ళో కొందరి ఫోన్లలో ముక్కలున్నాయి, అవన్నీ పోగేసి చూశాను. ఒకదాంట్లో జనరేటర్ మోతే ఎక్కువ, ఇంకోదాంట్లో తీసినాయన ముచ్చట్లే ఎక్కువ. మొత్తం ఉన్నది ఆ ఆరు కార్డుల్లోనే.

గురువు వాళ్ళింటామెకు షూటింగ్ రాత్రి జ్వరం, ఆటకు రాలేదు. "కరంటు పెట్టెల వచ్చినంక చూస్త తియ్యి" అని పడుకుందట. ఇప్పుడు నేను జిల్లా కేంద్రం వెళ్ళిన ప్రతిసారీ అరుగు మీద కూర్చుని ఉంటుంది. బస్సు దిగగానే నా చేతుల వైపు చూస్తుంది. మొదట్లో "రేపు రమ్మన్నరు అక్కా" అనేవాణ్ణి. ఇప్పుడు ఒక స్టాప్ ముందే దిగి పొలాల వెంట నడిచి ఇంటికి వెళ్తున్నాను. డెబ్బై దగ్గరికొచ్చిన మనిషిని, నన్ను ఈ దొంగనడక నడిపిస్తున్నది మీ శాఖ.

సార్, నేను కోపంగా రాశానని అనుకుంటే క్షమించండి. కోపమే, కానీ క్షమించండి. ఆ కార్డులు వెతికించండి. దొరకకపోతే ఆ కుర్రవాడు ఎక్కడ పనిచేస్తున్నాడో వెతికించండి, వాడికి గుర్తుంటుంది. ఆ వీడియోకు పేర్లు వేయించండి, వేణువు తీయించండి, ఇరవై మూడు పేర్లూ వరుసగా రాసి ఈ లేఖతో జతచేశాను, ఇంతకు ముందు నాలుగుసార్లు జతచేసినట్టే. జిల్లా కేంద్రంలో పెద్ద తెర మాటెత్తను. తెర మా దగ్గరే ఉంది, పంచాయతీ గోడకు నిరుడే సున్నం వేశారు. ప్రొజెక్టర్ బడిలో ఉంది, హెడ్మాస్టరు ఇస్తానన్నాడు. కాపీ చేయడానికి ఒక టీబీ హార్డ్ డిస్క్ కొని పెట్టాను, ఇంకా సీలు కూడా తీయలేదు. గదిలో మీవాళ్ళు చేసేది చేస్తుంటే బయట బెంచీ మీద కూర్చుంటాను, ఎన్ని గంటలైనా.

ఈ శ్రావణంలో ఆయన సంవత్సరీకం. అంతకు ఒక్క రోజు ముందైనా చాలు. బస్సు మా స్టాపులోనే దిగుతాను.

ఇట్లు,
తాళం వేసే పంతులు,
చిరుతల రామాయణం జట్టు, నల్లగొండ జిల్లా