కాగితం లారీ కంటే ముందు బయల్దేరాలి: మన సంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన ఎగుమతిదారుల, లారీ యజమానుల సంఘం ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ ఏడాది మనకు దూరమైన సభ్యులకు, రాత్రి డ్యూటీలో రోడ్డు ప్రమాదంలో పోయిన, మనకు తమ్ముడిలాంటి డ్రైవరుకు ముందుగా నివాళి. ఆ కుటుంబానికి బీమా సొమ్ము అందేవరకు కార్యవర్గం వాళ్ళ వెంటే ఉంది.

ఈ గోదావరి డెల్టా సరుకు పొలిమేర దాటడం కొత్త కాదు. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద ధాన్యం పడవలు నడిచాయి. లాకు దగ్గర పడవ ఆగేది. లోపలి నీళ్ళు, బయటి నీళ్ళు సమం కాగానే తలుపు తీసేవారు. ఆ ఆగడానికి ఒక లెక్క ఉండేది. పశ్చిమ బెంగాల్‌లో బోన్‌గావ్ దగ్గర, బంగ్లాదేశ్‌కు దాటే పెట్రాపోల్ సరిహద్దు ముందు మన లారీలు ఆగినప్పుడు మాత్రం చాలాకాలం ఏ లెక్కా ఉండేది కాదు. వారాల తరబడి ప్రైవేటు పార్కింగుల్లో పడి ఉన్న రోజులు పాత సభ్యులకు గుర్తే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘సువిధ’ పేరుతో ఆన్‌లైన్ స్లాటు పద్ధతి తెచ్చాక లారీ ఏ రోజు దాటుతుందో ముందే తెలుస్తోంది. చేపల వ్యాపారానికి ఇదే పెద్ద మేలు. చెరువులో చేపల పట్టుబడి ఏ రోజు పెట్టుకోవాలో, ఐసు ఎంత వేయాలో ఆ తేదీని బట్టే తేల్చుకుంటాం.

జులై నేర్పిన పాఠం

ఈ ఏడాది ఎక్కువ చెప్పుకోవాల్సింది జులై సంగతే. ఆ నెల 18 నుంచి బంగ్లాదేశ్‌లో అల్లర్ల మధ్య ఇంటర్నెట్ ఆపేశారు. అవతల బేనాపోల్ కస్టమ్స్ పని అసికుడా వరల్డ్ అనే కంప్యూటరు వ్యవస్థ మీద నడుస్తుంది. నెట్ పోయేసరికి ఆ పని స్తంభించింది, గేటు ముందు లారీల వరుస పెరిగింది. మన సభ్యుల శీలావతి, బొచ్చె చేపల లోడ్లు అప్పటికే దారిలో ఉన్నాయి. భీమవరం, ఆకివీడు, కైకలూరు షెడ్ల నుంచి బెంగాల్ చేరడానికి రెండు రాత్రులు పడుతుంది. అక్కడ మళ్ళీ ఐసు కొని వేసుకుంటూ ఎన్ని రోజులు ఆగగలం? ఆఖరికి లోడ్లు హౌరా మార్కెట్‌కు తిప్పి, వచ్చిన ధరకు ఇచ్చేశాం. తేరుకునేలోపే ఆగస్టు 5న అక్కడ ప్రభుత్వం మారి, సరిహద్దు రవాణా ఇంకో కొన్ని రోజులు నిలిచింది.

నష్టపోయిన సభ్యులతో కార్యవర్గం రెండుసార్లు కూర్చుంది. నెట్ ఆగడం మన చేతిలో లేదు. అయితే లెక్కలు విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. నెట్ బాగున్న నెలల్లో కూడా సరిహద్దులో మనం పోగొట్టుకున్న గంటల్లో చాలా భాగం మన కాగితాల తప్పులవల్లే పోయింది. ఇన్‌వాయిస్‌లో రోహు అని, ఆరోగ్య ధ్రువపత్రంలో లేబియో రోహిత అని, లారీ రసీదులో శీలావతి అని రాస్తున్నాం. మూడూ ఒకటే చేపని మనకు తెలుసు, తెర ముందు కూర్చున్న అధికారికి తెలియాలని ఏముంది? బరువు తంటా దీనికంటే పెద్దది. షెడ్డులో తూచినప్పుడు ఐసుతో కలిపి ఒక బరువు ఉంటుంది. దారి పొడవునా ఎండలో, వానలో పోయేసరికి ఐసు కరిగి అట్టడుగు నుంచి కారిపోతుంది. సరిహద్దు కాటా మీద బరువు తగ్గుతుంది. సరుకు బరువు, ఐసుతో కలిపిన మొత్తం బరువు విడివిడిగా రాయకపోతే ప్రశ్నలు మొదలవుతాయి, లారీ పక్కకు వెళ్తుంది.

అందుకే ఆగస్టు నుంచి సంఘం ఆఫీసులో ఒక కంప్యూటరు, ఒక స్కానరు పెట్టి, డిగ్రీ చదివిన ఇద్దరు పిల్లలను జీతానికి కూర్చోబెట్టాం. షెడ్డులో లోడు మొదలవగానే ఫోనులో వివరాలు పంపితే, చేప పేరు, సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడు, రెండు బరువులు, లారీ నంబరు, డ్రైవరు పేరు అన్ని పత్రాల్లో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో వాళ్ళు చూస్తారు. ఆ తర్వాతే కస్టమ్స్ ఏజెంటు కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి ప్రకటన, వేస్తాడు, జత పత్రాలు అందులోని ఈ-సంచిత్‌లోకి ఎక్కుతాయి. లారీ మన రాష్ట్రం చివర ఇచ్ఛాపురం దాటేసరికి కాగితం పెట్రాపోల్‌లో ఉండాలన్నది మేం పెట్టుకున్న నియమం. దిగుమతి సరుకు చేరకముందే పత్రాలు తీసుకుని పరిశీలన మొదలుపెట్టాలని 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సులభతర ఒప్పందం కూడా అంటోంది. దాన్ని వాడుకోవాలంటే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి.

2024 అక్టోబరు 27న పెట్రాపోల్‌లో సరుకుల కోసం మైత్రీ ద్వార్ అనే ఉమ్మడి గేటు ప్రారంభమైంది. దాని మీదుగా వెళ్ళివచ్చిన మన డ్రైవర్లు సంతోషంగానే చెప్పారు. అయినా మన లారీ బేనాపోల్ యార్డు దాకానే వెళ్ళగలదు. అక్కడ సరుకు దించి, వాళ్ళ బండికి ఎక్కించాల్సిందే. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్‌తో మన దేశం 2015 జూన్‌లో థింపూలో మోటారు వాహనాల ఒప్పందం చేసుకుంది. అది పూర్తిగా అమలైతే సీలు వేసిన బండి నేరుగా వెళ్ళొచ్చు. ఎత్తి దించే ప్రతిసారీ చేప నలుగుతుంది, ధర పడుతుంది. ఇది చూస్తూ ఊరుకోవడం మాకు కష్టంగా ఉంది.

రైలు దారి కూడా మరవకూడదు. 2020 జులైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చితో ప్రత్యేక పార్సిల్ రైలు బేనాపోల్ చేరింది. మిర్చి రైతులు కలిసి చేయగలిగినది చేపలకు, చల్లని వ్యాగన్లతో, ఎందుకు కుదరదో అడుగుతూ రైల్వేకు వినతిపత్రం ఇచ్చాం. జవాబు రాలేదు. మళ్ళీ ఇస్తాం.

బియ్యం, రొయ్యలు, లేసు

బియ్యం సభ్యులకు ఊపిరాడిన ఏడాది ఇది. 2023 జులై నుంచి ఉన్న తెల్లబియ్యం ఎగుమతి నిషేధాన్ని 2024 సెప్టెంబరు 28న, టన్నుకు కనీసం 490 డాలర్ల షరతుతో ఎత్తేశారు. అక్టోబరు 23న ఆ షరతూ పోయింది. 2025 మార్చిలో నూకలకూ దారి తెరుచుకుంది. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడు, చెల్లుబాటులో ఉండి, విదేశీ సొమ్ము అందుకునే బ్యాంకు శాఖను తెలిపే ఏడీ కోడును కాకినాడ రేవుకు ముందే నమోదు చేయించుకున్నవాళ్ళు మొదటి ఓడలు అందుకున్నారు. విశాఖకు నమోదు ఉంది కదా అనుకున్నవాళ్ళు ఆగిపోయారు, ఏ రేవుకారేవు విడిగా చేయించుకోవాల్సి వచ్చింది. ఇంకోమాట. కాకినాడ యాంకరేజిలో ఓడ ఒడ్డుకు దూరంగా లంగరేస్తుంది, బస్తాలు బార్జీల మీద వెళ్ళి ఓడకెక్కాలి. పోర్టల్ ఎంత చురుగ్గా పనిచేసినా, వాన పడితే ఓడ మూతలు వేయాల్సిందే. ఆలస్యానికంతా కంప్యూటరునే తిట్టొద్దని సభ్యులకు మనవి.

రొయ్యల పని సాఫీగానే సాగింది. ప్లాంటులోనే కంటైనరుకు ఆర్‌ఎఫ్‌ఐడీ సీలు, అంటే యంత్రంతో చదవగల ఎలక్ట్రానిక్ సీలు, వేసుకునే పద్ధతి అందరికీ అలవాటైంది.

నరసాపురం లేసు గురించి చెప్పకుండా ఉండలేను. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఫలం ఇంటి అరుగు మీద అల్లే ఆడవాళ్ళ చేతికి రావాలంటే వాళ్ళే నేరుగా పంపగలగాలి. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో ఎగుమతి బిల్లు ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, కోల్‌కతాకో చెన్నైకో ఏజెంటును వెతుక్కోనక్కర్లేదు. సంక్రాంతి తర్వాత నరసాపురం, పాలకొల్లు మండలాల అక్కచెల్లెళ్ళతో శిబిరం పెట్టాం. ఒకావిడ తన పేరు మీద మొదటి పార్శిల్ రసీదు చేతికి తీసుకుని, ‘ఇన్నేళ్ళూ నా లేసు ఏ దేశం వెళ్ళిందో నాకు తెలీదండి’ అంది. ఆ మాట విన్నాక ఈ పని ఆపే ప్రశ్నే లేదనుకున్నాం.

చేయలేకపోయినవి

బండి పత్రాలు ఫోనులో ఎలక్ట్రానిక్ రూపంలో చూపిస్తే చాలని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర నిబంధన ఉంది. పచ్చి చేపలకు ఈ-వే బిల్లూ, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ పత్రమూ, అక్కర్లేదు. అయినా దారిలో ఒక తనిఖీ కేంద్రంలో మన డ్రైవర్లను అసలు కాగితాలే చూపించమని, లేని ఈ-వే బిల్లు తెమ్మని గంటల తరబడి నిలబెట్టారు. ఆ నిబంధనలు తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల్లో అచ్చువేయించి ప్రతి క్యాబిన్‌లో పెట్టాం. వేధింపు తగ్గింది, పోలేదు.

పోర్టళ్ళ భాష మీద మా పోరు ముందుకు కదల్లేదు. స్లాటు సందేశం డ్రైవరు ఫోనుకు ఇంగ్లిషులో వస్తుంది. తేదీ మారిందని అర్థం కాక ఒక తమ్ముడు గేటు దగ్గర తన వంతు పోగొట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు. తెలుగులో సందేశం కావాలని సంబంధిత శాఖలన్నిటికీ రాశాం. అప్పటిదాకా సందేశం రాగానే ఆఫీసుకు పంపితే, మన పిల్లలు తెలుగులో చదివి వాయిస్ మెసేజి పెడతారు, రాత్రి వేళైనా సరే.

2025 జనవరి 1 నుంచి సరుకు ఏ దేశానిదో తెలిపే మూలస్థాన ధ్రువపత్రాలు, ప్రిఫరెన్షియల్ (సుంకం రాయితీకి ఉపయోగపడేవి) కానివి కూడా, ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. దాని మీద ఇంకా శిక్షణ పెట్టలేదు, వచ్చే నెలలో పెడతాం.

చివరిగా వెంటనే చేయాల్సిన పని. ఐఈసీ వివరాలను ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆన్‌లైన్‌లో సరిచూసి ధ్రువీకరించాలి. ఏ మార్పూ లేకపోయినా చేయాల్సిందే, లేకపోతే కోడు నిలిచిపోతుంది. కిందటేడు కొందరు సభ్యులు సరుకు రేవుకు చేరాక గాని ఈ సంగతి గమనించలేదు. జూన్ నెలాఖరు దాకా ఆఫీసు ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు ఐఈసీకి నమోదు చేసిన ఫోను తప్పక వెంట తెచ్చుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి